బాతుల తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే: 9 బాతుల్ని పోగొట్టుకుని నేను నేర్చుకున్నది



పైన ఉన్న వీడియోలో మా పెరటి బాతుల తొట్టిని, అందులో నీళ్ళు మార్చే పద్ధతిని చూపించాను. వీడియో 14 నిమిషాలే కాబట్టి కొలతలు, లెక్కలు, ముఖ్యంగా నేను చేసిన తప్పులు పూర్తిగా చెప్పడం కుదరలేదు. అవన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇంటి దగ్గర పది, ఇరవై బాతులు పెంచుకుంటున్నవాళ్ళు, పెంచుదామని అనుకుంటున్నవాళ్ళు ఒకసారి ఓపిగ్గా చదవండి. చదివాక తొట్టి కట్టుకోండి. నేను ముందు తవ్వేసి, తర్వాత చదువుకున్నాను. దానికి ఖర్చు బాగానే అయ్యింది.

నా గురించి రెండు మాటలు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో కాలవ కింద ఊరు. అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో డిప్లమా చేశాను. నాలుగేళ్ళు పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం చేసి, మానేసి ఇంటికొచ్చి, మూడెకరాల్లో ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను. దేశీ వరి బియ్యం, అరటి, నెయ్యి, బాతు గుడ్లు నేరుగా టౌనులో 14 కుటుంబాలకి ఇస్తుంటాను. మా ఇంటి ఖర్చు నడిచేది ఆ 14 కుటుంబాల నమ్మకం మీదే. ఇది ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

మొదట తవ్విన గొయ్యి

2022 నవంబరులో 24 ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు తెచ్చాను. 20 పెట్టలు, 4 పోతులు. అయిదారు పెట్టలకి ఒక పోతు సరిపోతుంది కదా, ఆ లెక్కన. బాగా చూసుకుంటే ఈ జాతి పెట్ట ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది.

బాతులంటే నీళ్ళు ఉండాలి కదా అని పెరట్లో 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గొయ్యి తవ్వించి, టార్పాలిన్ షీటు పరిచాను. లెక్కేస్తే 192 ఘనపుటడుగులు, అంటే సుమారు 5,400 లీటర్లు. మొదటి రోజు బాతులు అందులోకి దిగి మునకలేస్తుంటే మా ఇంట్లోవాళ్ళం అందరం చుట్టూ నిలబడి చూశాం. మా అమ్మాయి అయితే బడికి వెళ్ళనని ఏడ్చింది.

మూడో రోజుకి నీళ్ళు టీ రంగులోకి వచ్చాయి. వారానికి పచ్చగా అయ్యాయి. పది రోజులకి వాసన మొదలైంది. గొయ్యికి అడుగున తూము పెట్టలేదు. నీళ్ళు మార్చాలంటే చిన్న మోటారు పెట్టి తోడాలి, మడ్డి మోటారుకి అడ్డం పడుతుంది, చివర బకెట్లతో ఎత్తాలి. ఒకసారి మార్చడానికి ఇద్దరికి సగం రోజు పట్టేది. మొదట్లో వారానికోసారి మార్చాను. తర్వాత రెండు వారాలకి. ఆ తర్వాత “వచ్చే ఆదివారం చూద్దాంలే” అనడం అలవాటైపోయింది.

ఇక్కడే మొదటి పాఠం ఉందండి. నీళ్ళు మార్చడం ఎంత కష్టమైతే మనం అంత తక్కువసార్లు మారుస్తాం. ఇందులో బద్ధకం ఉందో లేదో గానీ, కట్టిన పద్ధతిలోనే లోపం ఉంది.

నీళ్ళు మార్చకుండా శుభ్రం చేద్దామని చూశాను

ముందు పటిక వేశాను. పటిక వేస్తే నీళ్ళు తేరుకుంటాయి, నిజమే. కానీ మురికి ఎక్కడికీ పోలేదు, అడుక్కి దిగింది. బాతులు దిగి ముక్కుతో అడుగు కెలకగానే గంటలో మళ్ళీ మామూలే.

తర్వాత చేప పిల్లలు వదిలాను. చేపలు మురికి తింటాయని ఎవరో చెప్పారు. చిన్నవి బాతులు మింగేశాయి. కాస్త పెద్దవి ఓ ఇరవై తెచ్చి వదిలాను, అవి నిలిచాయి. సరే బాగుందనుకున్నాను.

మూడోది చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగానే ఉంటుంది. గొయ్యిలో జీవామృతం పోశాను.

మనలో చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. పొలంలో పోస్తే మట్టి బాగుపడుతోంది, సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి, మరి నీళ్ళలో పోస్తే ఆ సూక్ష్మజీవులే మురికి తినేస్తాయి కదా అని. కానీ ఒక్కసారి జీవామృతంలో ఏముంటుందో గుర్తు చేసుకోండి. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి. అంటే అది సూక్ష్మజీవులకి పెట్టే విందు భోజనం. మట్టిలో గాలి ఆడుతుంది కాబట్టి అక్కడ అది పనిచేస్తుంది. నిలవ నీటిలో ఆ భోజనం పడితే, సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి నీళ్ళలో కరిగి ఉన్న ప్రాణవాయువుని వాడేసుకుంటాయి. రెట్టతో ఇప్పటికే నిండిపోయిన నీళ్ళలో నేను బెల్లం, పేడ కూడా కలిపాను. డిప్లమాలో ఈ పాఠం మాకు ఉంది. పరీక్షలో రాశాను కూడా. పెరట్లో మాత్రం గుర్తు రాలేదు.

2023 మే నెల

మా దగ్గర దాళ్వా అయిపోయాక ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. ఆ ఏడు బోరులో కూడా నీళ్ళు తగ్గాయి. తాగడానికి, పశువులకి, అరటికి చూసుకునేసరికి బాతుల గొయ్యికి 5,400 లీటర్లు ఎక్కడి నుంచి తేవాలి? మూడు వారాలు నీళ్ళు మార్చలేదు. పైన కొంచెం కొంచెం కలుపుతూ వచ్చాను. ఆ సమయంలోనే జీవామృతం పోసింది.

రెండో రోజు పొద్దున చేపలు తేలాయి. కనబడినవి ఏరి పారేశాను. అడుగున మడ్డిలో ఎన్ని ఉండిపోయాయో చూడలేదు.

అయిదు రోజుల తర్వాత మా అమ్మ పొద్దున్నే పిలిచింది. “ఒరేయ్ నాన్నా, ఆ బాతు లేవట్లేదురా, మెడ వాల్చేసింది” అంది. వెళ్ళి చూస్తే ఒకటి కాదు, నాలుగు. కాళ్ళు చచ్చుబడిపోయాయి, రెక్కలు నేల మీద పరుచుకుపోయాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ తల ఎత్తలేకపోతున్నాయి. నీళ్ళలో ఉన్న ఒకటి మెడ నిలపలేక మునిగిపోయి అప్పటికే చనిపోయింది.

పశువుల డాక్టరు గారు వచ్చి బాతుల్ని చూశారు, తర్వాత గొయ్యి చూశారు. కర్రతో అడుగు కెలికితే కుళ్ళిన చేపలు, వాటి నిండా పురుగులు పైకొచ్చాయి. ఆయన నన్ను తిట్టలేదు. “ఇది బోటులిజం లక్షణాల్లాగే ఉందండి” అని చెప్పారు.

బోటులిజం అంటే ఏంటో తేలిగ్గా చెప్తాను. గాలి ఆడని చోట, ఎండాకాలం వేడిలో, కుళ్ళుతున్న జంతు పదార్థంలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారు చేస్తుంది. ఆ కుళ్ళిన దాని మీద పెరిగే పురుగుల ఒంట్లో ఆ విషం చేరుతుంది. పురుగులకి ఏమీ కాదు, వాటిని తిన్న బాతుకి నరాలు పట్టు తప్పుతాయి. కాళ్ళు, రెక్కలు, చివరికి మెడ. నేను చేసిన పనులన్నీ వరసగా పెట్టి చూడండి. నీళ్ళు మార్చలేదు, జీవామృతం పోశాను, ప్రాణవాయువు తగ్గింది, చేపలు చచ్చాయి, మడ్డిలో కుళ్ళాయి, పురుగులు పట్టాయి, బాతులు తిన్నాయి. ఒక్కో మెట్టు నేనే కట్టాను.

డాక్టరు గారు చెప్పినట్టు బాగున్నవాటిని గొయ్యికి దూరంగా దడి కట్టి మళ్ళించాం. పడిపోయినవాటిని నీడలో ఊక మీద పడుకోబెట్టి, ముక్కు మునిగిపోకుండా తల పట్టుకుని మంచి నీళ్ళు కొద్దికొద్దిగా తాగించాం. నా భార్య రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడు బాతులు కోలుకున్నాయి. మొత్తం 9 పోయాయి. చేతికి తొడుగులేసుకుని లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాం. ఒక మాట గుర్తుంచుకోండి: బాతులు ఒక్కసారిగా చనిపోతుంటే అది ఇదే అని మీ అంతట మీరు అనుకోకండి. వేరే పెద్ద జబ్బులు కూడా ఉంటాయి. ముట్టుకోకుండా ముందు పశువైద్యశాలకి చెప్పండి.

ఆ సాయంత్రం 14 కుటుంబాలకీ ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ వారం ఇచ్చిన గుడ్లు వాడొద్దని, డబ్బులు వెనక్కి ఇస్తానని చెప్పాను. ఇద్దరు కొనడం మానేశారు. వాళ్ళని తప్పు పట్టను. ఒక పెద్దావిడ మాత్రం “నీళ్ళు శుభ్రం చేసుకున్నాక చెప్పు బాబూ, అప్పుడు పంపించు” అన్నారు. నెల రోజులు గుడ్లు అమ్మలేదు.

అసలు లెక్క ఎక్కడ తప్పింది

తర్వాత కూర్చుని లెక్క వేసుకున్నాను. ఇది ముందే వేసుకోవాల్సిన లెక్క.

చేపలు, బాతులు కలిపి పెంచే సమగ్ర పద్ధతిలో హెక్టారు చెరువుకి 200 నుంచి 300 బాతులు అని చెప్తారు. అంటే ఎకరానికి సుమారు వంద. ఎకరం అంటే వంద సెంట్లు కాబట్టి సెంటుకి ఒక బాతు. సెంటు అంటే దాదాపు 435 చదరపు అడుగులు. అంత నీటి విస్తీర్ణం ఉంటేనే ఒక బాతు రెట్టని చెరువు తనంతట తాను అరాయించుకుని చేపలకి మేతగా మార్చగలదు.

నా గొయ్యి ఎంత? 96 చదరపు అడుగులు. పావు సెంటు కూడా లేదు. ఆ లెక్కన పావు బాతుకి సరిపోయే నీళ్ళలో 24 బాతుల్ని దించాను. ఒక బాతు రోజుకి సుమారు 125 గ్రాముల రెట్ట వేస్తుందనుకున్నా 24కి రోజుకి 3 కిలోలు. అందులో సగం నీళ్ళలో పడినా నెలకి 45 కిలోలు. ఏ మొక్కా, ఏ చేపా, ఏ ద్రావణమూ పెరటి గొయ్యిలో ఇంత మురికిని మాయం చేయలేవు.

కాబట్టి పెరటి తొట్టికి సహజంగా శుభ్రపడే చెరువు సూత్రం పనికిరాదు. దాన్ని స్నానాల తొట్టిలా చూడాలి. నింపాలి, వాడాలి, వదిలేయాలి.

బాతుల తాత చెప్పిన మాట

ఆ ఏడు వానాకాలమంతా మిగిలిన 15 బాతులకి ఈత లేదు. తల ముంచుకునేంత లోతున్న తొట్లు మాత్రం పెట్టాను. ఆశ్చర్యం ఏంటంటే గుడ్లు తగ్గలేదు. పుస్తకాల్లో కూడా ఇదే ఉంటుంది, గుడ్లకి ఈత తప్పనిసరి కాదు, కళ్ళు, ముక్కు కడుక్కోవడానికి తల మునిగేంత నీళ్ళు చాలు అని. షెడ్డు పక్కన 50 సెంటీమీటర్ల వెడల్పు, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు కాలవ చాలని రాస్తారు. స్థలం, నీళ్ళు తక్కువ ఉన్నవాళ్ళు అసలు ఈత తొట్టి కట్టకపోయినా పర్వాలేదండి.

డిసెంబరులో సార్వా కోతలయ్యాక బాతుల మందలు మా చేలలో దిగాయి. మీకు తెలుసు కదా, రాలిన గింజలు, నత్తలు, పురుగులు తింటూ చేను నుంచి చేనుకి తోలుకెళ్తారు. ఒక ముసలాయన మా గట్టు మీద గుడారం వేశాడు. ఆయన దగ్గర వెయ్యికి పైగా బాతులున్నాయి.

“తాతా, ఇన్ని బాతులకి నీళ్ళు శుభ్రంగా ఎలా ఉంచుతావు?” అని అడిగాను.

ఆయన నవ్వాడు. “నీళ్ళని నేనేం చేస్తాను బాబూ? బాతు దిగితే నీళ్ళు పాడవుతాయి. పాడయ్యేలోపు బాతుల్ని ముందుకి తోలేస్తాను. ఉన్నచోటే ఉంచితే నాలుగు రోజుల్లో మందలో సగం ఉండదు.”

పొలంలో బాతు కదులుతుంది, నీళ్ళు ఉంటాయి. పెరట్లో బాతు ఉంటుంది, నీళ్ళు కదలాలి. రెండేళ్ళ చదువు, ఏడాది నష్టం తర్వాత నాకు అర్థమైంది ఇంతే.

ఇప్పటి తొట్టి కొలతలు

సంక్రాంతి వెళ్ళాక గొయ్యి పూడ్చేసి కొత్త తొట్టి కట్టించాను. తాపీ మేస్త్రి రెండు రోజుల్లో పూర్తి చేశాడు. ఇటుక, సిమెంటు, కూలి, పైపు, వాల్వు అన్నీ కలిపి నాకు 9,000 రూపాయల చిల్లర అయ్యింది.

పొడవు 6 అడుగులు, వెడల్పు 4 అడుగులు, లోతు అడుగుంపావు. సుమారు 850 లీటర్లు పడతాయి. పాత గొయ్యిలో ఆరో వంతు కూడా లేదు. “ఇంత చిన్నదా!” అని అందరూ అంటారు. చిన్నది కాబట్టే రోజు విడిచి రోజు మార్చగలుగుతున్నాను.

అడుగుకి ఒక మూల వైపు 4 అంగుళాల వాటం పెట్టించాను. ఇది చాలా ముఖ్యం. మేస్త్రికి ముందే చెప్పి, నీళ్ళు పోసి చూసుకోండి. వాటం సరిగా లేకపోతే మడ్డి మిగిలిపోతుంది.

ఆ మూలలో 3 అంగుళాల పీవీసీ పైపు, బయట బాల్ వాల్వు. ఒకటిన్నర అంగుళం పైపు పెట్టి డబ్బు మిగుల్చుకుందామని చూడకండి, ఈకలు అడ్డం పడతాయి. తొట్టి లోపల జాలీ పెట్టొద్దు, అది కూడా మూసుకుపోతుంది. బయట పైపు చివర చిల్లులు పెట్టిన పాత బకెట్టు పెడితే ఈకలు అందులో ఆగుతాయి. తొట్టిని నేల మట్టం కంటే ఎత్తులో కట్టాం, అందుకే వాల్వు తిప్పగానే నీళ్ళు వాటంతట అవే అరటి తోటలోకి వెళ్ళిపోతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

బాతులు ఎక్కి దిగడానికి రెండు వైపులా వాలుగా గచ్చు చేసి గరుకుగా వదిలేశాం. నున్నగా ఉంటే జారి కాళ్ళు బెణుకుతాయి.

తొట్టి చుట్టూ 4 అడుగుల మేర నున్నటి గులకరాళ్ళు పరిచాను. బాతులు కాళ్ళకి, ముక్కుకి బురద మోసుకొచ్చి నీళ్ళలో కడుక్కుంటాయి, తొట్టిలో మట్టి ఎక్కువగా అలాగే చేరుతుంది. పదునైన కంకర వేస్తే పాదాలు కోసుకుని పుండ్లు పడతాయి, జాగ్రత్త.

పైన షేడ్ నెట్ కట్టాను. ఎండ తగ్గితే నాచు తగ్గుతుంది, నీళ్ళు వేడెక్కవు. చెట్టు నీడ బాగుంటుంది కానీ ఆకు రాల్చే చెట్టు కింద వద్దు. ఆ ఆకు కూడా తొట్టిలో కుళ్ళుతుంది.

మేత, తాగే నీళ్ళు, ఈత: మూడూ వేరువేరు

సగం శుభ్రత ఇక్కడే ఉంది. బాతు మేత నోట్లో పెట్టుకుని వెంటనే నీళ్ళ దగ్గరికి పరిగెడుతుంది. మేత ఈత తొట్టి పక్కనే పెడితే తవుడు, నూక అంతా అందులోనే కడుగుతుంది. అదంతా పులిసి వాసనొస్తుంది.

నీళ్ళు లేకుండా మేత మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. అందుకని మేత పళ్ళేలకి దగ్గరలో తాగే నీళ్ళ తొట్లు పెట్టాను. నీలం డ్రమ్ముని నిలువునా కోసి చేసినవి, 7 అంగుళాల లోతు. వాటి కింద అడుగు లోతు గొయ్యి తీసి గులకరాళ్ళు నింపి, పైన ఇనప జాలీ వేశాను. ఒలికిన నీళ్ళు ఇంకిపోతాయి, బురద అవదు. ఈ తొట్లు రోజుకి రెండుసార్లు కడిగి నింపుతాం. ఈత తొట్టి అక్కడికి 30 అడుగుల దూరంలో, తడకల దడి అవతల ఉంది.

బాతులు గుడ్లు ఎక్కువగా తెల్లవారుజాము నుంచి పొద్దున 9 లోపు పెడతాయి. అందుకే 9 దాకా షెడ్డులోనే ఉంచుతాం. గుడ్లు నీళ్ళలో పడవు, శుభ్రంగా ఊక మీదే దొరుకుతాయి. తర్వాత మేత. మేత అయిన గంటకి దడి తలుపు తీస్తే 12 చొప్పున రెండు జట్లుగా ఈతకి వెళ్తాయి. ఒక్కో జట్టుకి ముప్పావు గంట. మొదటి వారం కర్ర పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఇప్పుడు తలుపు చప్పుడు వింటే వాటంతట అవే వరసలో వచ్చేస్తాయి. వీడియోలో ఈ ముక్క చూసి మా అమ్మాయి ఎంత నవ్వుకుందో.

రోజువారీ పని

ఎండాకాలం రోజు విడిచి రోజు, చలికాలం మూడు రోజులకోసారి నీళ్ళు మారుస్తాను. సాయంత్రం ఈత అయ్యాక వాల్వు తిప్పుతాను. నీళ్ళు సగం దిగాక కొబ్బరి ఈనెల చీపురుతో అడుగు, గోడలు గట్టిగా తోస్తాను. ఆ కదిలిన మడ్డి మిగతా సగం నీళ్ళతో పాటే కొట్టుకుపోతుంది. పూర్తిగా దిగాక తోస్తే మడ్డి అంటుకుపోయి మళ్ళీ నీళ్ళు పోయాల్సి వస్తుంది. మొత్తం పని ఇరవై నిమిషాలు. వారానికోసారి ఖాళీ తొట్టిని మధ్యాహ్నం ఎండలో పొడిగా ఎండనిస్తాను. బ్లీచింగు వాడను, ఎందుకంటే ఆ నీళ్ళు మళ్ళీ నా మట్టిలోకే వెళ్ళాలి.

దోమల గురించి చాలామందికి భయం ఉంటుంది. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు వారం, పది రోజులు పడుతుంది. మూడు రోజుల్లోపు ఖాళీ అయ్యే తొట్టిలో దానికి అంత సమయం దొరకదు.

వదిలిన నీళ్ళు

850 లీటర్లు రెండు రోజులకోసారి అంటే రోజుకి 425 లీటర్లు. ఎండాకాలంలో అరటి చెట్టుకి రోజుకి 18 లీటర్ల లెక్కన చూస్తే 22, 23 చెట్లకి సరిపోతుంది. నా తొట్టి కింద సరిగ్గా 22 చెట్లున్నాయి. అంటే బాతుల కోసం నేను అదనంగా నీళ్ళు ఖర్చు పెట్టట్లేదు. అరటికి పెట్టాల్సిన నీళ్ళే ముందు బాతులు వాడుకుంటున్నాయి. 2023 మేలో ఈ ఒక్క ఆలోచన వచ్చి ఉంటే నీళ్ళు లేవని ఆగేవాణ్ణి కాదు.

రెండు జాగ్రత్తలు. పైపు చివర ప్రతిసారీ వేరే చెట్టు వైపు మార్చండి. ఒకేచోట పోస్తే నేల జిగురుగా తయారై వేరు కుళ్ళుతుంది. మొదళ్ళలో ఎండుగడ్డి మందంగా పరిస్తే వాసన రాదు. రెండోది, ఈ నీళ్ళు కొత్తిమీర, ఆకుకూరలు, టమాటా లాంటి వాటికి పెట్టకండి. రెట్టలో మనిషికి హాని చేసే క్రిములు ఉండొచ్చు. అరటి, కొబ్బరి, పశుగ్రాసం అయితే ఇబ్బంది లేదు. బకెట్టులో ఆగిన ఈకలు, మడ్డి ఊకతో కలిపి కంపోస్టులో వేస్తాను.

గమనించాల్సిన గుర్తులు

నీళ్ళలోంచి వచ్చిన బాతు ఒళ్ళు దులుపుకున్నాక ఈకలు పొడిగా కనబడాలి. తడిసి ముద్దగా ఉంటే నీళ్ళు బాగాలేవని అర్థం. మురికి నీళ్ళలో ఈకలకి నూనె పట్టు పోతుంది. కళ్ళ చుట్టూ జిగట, ముక్కు రంధ్రాల్లో మట్టి ఉంటే తాగే తొట్టిలో లోతు చాలట్లేదని. తొట్టి దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మాత్రం ఆ పూటే ఖాళీ చేసేయండి, రేపటి దాకా ఆగొద్దు. ఎండాకాలంలో రోజూ ఒకసారి పెరడంతా తిరిగి చచ్చిన ఎలుక, కప్ప, కోడి ఏదైనా ఉందేమో చూసి తీసేయండి. నేను ఇప్పుడు కాఫీ తాగకముందే ఆ పని చేస్తాను.

పొదుగు కోడి కింద గానీ, బల్బు కింద గానీ పెంచిన బాతు పిల్లల్ని ఈకలు రాకముందు ఈతకి వదలకండి. తల్లి బాతు నుంచి వచ్చే నూనె వాటికి ఉండదు, తడిసి చలికి చనిపోతాయి.

చివరగా

ఒక నిజం చెప్పాలి. ఇంత చేసినా రెండో రోజు సాయంత్రానికి నీళ్ళు మట్టి రంగులోకి వస్తాయి. అద్దంలాంటి నీళ్ళలో బాతులు ఈదే ఫోటోలు చూసి, మనది అలా లేదని బాధపడకండి. చూడాల్సింది రంగు కంటే వాసన, మడ్డి, ఎన్ని రోజులు నిలవ ఉన్నాయి అన్నదే.

కొత్త తొట్టి కట్టాక మూడో వారంలో ఆ పెద్దావిడకి ఫోన్ చేశాను. “నీళ్ళు శుభ్రం చేసుకున్నానండీ” అని చెప్పాను. ఆవిడ ఆదివారం ఆటోలో మనవడితో వచ్చి, తొట్టి, షెడ్డు, వాల్వు అన్నీ చూసి, తనే వాల్వు తిప్పి నీళ్ళు వదిలి, డజను గుడ్లు తీసుకెళ్ళారు. ఇప్పుడు మళ్ళీ 24 బాతులున్నాయి, 17 కుటుంబాలకి గుడ్లు వెళ్తున్నాయి. ఎవరైనా చూడటానికి వస్తే వాళ్ళ చేత ఒకసారి వాల్వు తిప్పిస్తుంటాను.

పొలంలో మనం ఏ ద్రావణం ఎప్పుడు ఎందుకు వాడుతున్నామో తెలుసుకుని వాడతాం. పెరట్లో కూడా అంతే ఉండాలి. ఆవు నుంచి వచ్చింది కదా అని ఎక్కడ పడితే అక్కడ పోస్తే ప్రకృతి వ్యవసాయం అవ్వదండి. నేను చేసిన తప్పు మీలో ఒక్కరు చేయకుండా ఆగినా ఇది రాసినందుకు ఫలితం దక్కినట్టే.

తొట్టి కొలతలు, పైపు అమరిక వీడియోలో 6వ నిమిషం నుంచి ఉన్నాయి. మేస్త్రికి చూపించి కట్టించుకోండి. వచ్చే వీడియోలో బాతుల షెడ్డులో ఊక పరుపు ఎలా వేసుకోవాలో, తేమ ఎలా తగ్గించుకోవాలో చూపిస్తాను. అప్పటిదాకా సెలవు.